గంగమ్మ రాయికి టికెట్లు అయిపోయినాయి

మే 31

రెండు వేల ఏళ్ళ తర్వాత ఈ నోటుపుస్తకాన్ని చిన్న బ్రష్షుతో దులిపి, ఊపిరి బిగబట్టి మట్టిలోంచి తీయబోయే మహానుభావులకు, పెంచల్ అనే బి.కామ్. పట్టభద్రుడు సాష్టాంగపడి చేసుకునే క్షమాపణ.

అయ్యా, ఇందులో రాజుల్లేరు. యుద్ధాల్లేవు. బంగారం ఉంటే మా వదిన మెళ్ళో ఉండేది, ఈ పుస్తకంలో ఎందుకుంటుంది. ఉన్నదల్లా నా దస్తూరీ, అట్ట మీద మామిడికాయ పప్పు మరక. ఆ మరకను చూసి ‘నరబలి ఆనవాళ్ళు’ అని బోర్డు పెట్టకండి. ముందు ముందు చరిత్రకు, చట్టానికి, గంగమ్మ తల్లికి, చెన్నై నుంచి ఏసీ బస్సుల్లో దిగే యాత్రికులకు జరగబోయే సకల అపచారాలకూ తల వంచి, చేతులు జోడించి, మనస్ఫూర్తిగా మన్నించమని వేడుకుంటున్నాను. వాటిలో ఒక్కటి కూడా నేను చేయబోయేది కాదు.

ఇక మీ పరిశోధనకు పనికొచ్చే సంగతులు.

మాది జువ్వలదిన్నె హార్బరుకు దగ్గర్లోని చేపల వేటగాళ్ళ పాళెం. వెనక సరుగుడు తోపు, తోపులో ఒక దిబ్బ. నా చిన్నప్పుడు పాళెంలో సగం మంది చెంబు పట్టుకొని వెళ్ళింది ఆ దిబ్బ చాటుకే. రెండేళ్ళ కిందట ఎవరో రొయ్యల గుంట తవ్వబోతే ఇటుక గోడ తగిలింది. వెంటనే టోపీలు పెట్టుకున్న పిల్లలు దిగారు. తాళ్ళు కట్టారు, గళ్ళు గీశారు, చెంచాలంత పారలతో తవ్వారు. అది పాతకాలపు రేవట. దూరదేశాల ఓడలు వచ్చేవట. పగిలిన కుండ కనపడినప్పుడల్లా వాళ్ళు సంతోషంతో కేకలు పెట్టేవాళ్ళు. మా ఇంట్లో కుండ పగిలినా కేకలే, కాకపోతే భావం వేరు.

వానలు మొదలయ్యేలోగా దాన్ని టార్పాలిన్ పట్టాలు కప్పి, ఇసుక పోసి మూసేస్తారు. అందుకని జూన్ ఒక్క నెల జనానికి చూపిస్తారు. రోజుకు ఇంత మందే. ఆధార్ చూపించి ఆన్‌లైన్‌లో ముందుగా టికెట్ తీసుకోవాలి. బుకింగ్ రేపు పదింటికి తెరుస్తారు. ఇప్పుడు దిబ్బను చూడాలంటే చెంబు పనికిరాదు, ఫోను కావాలి.

మాకు వచ్చిన చిక్కేమిటంటే, తవ్వకాల చుట్టూ ఈ ఏడు కొత్తగా వేసిన కంచె నడిమధ్య మా గంగమ్మ రాయి ఉంది. నడుమెత్తు నల్లరాయి. ఏటా ఎండాకాలంలో ప్రభుత్వం పెట్టే చేపల వేట నిషేధం ముగిసేలోగా పడవ ఉన్న ఇంటి పెద్ద ఆడమనిషి వెళ్ళి దాని మీద బిందెడు పసుపునీళ్ళు పోస్తుంది. పడవ తాడును రాయికి ఒక చుట్టు చుడుతుంది. పడవ నడిపేవాడు తన చేత్తో ఆ చుట్టు విప్పుకుంటాడు. ఆ తాడుతోనే ఆ ఏడు వేటకు పోవడం. మిగతా ఇళ్ళవాళ్ళు ఈ మధ్య హార్బరు దగ్గర కట్టిన సిమెంటు గుడికి మారిపోయారు. అక్కడ ఫ్యాను కూడా ఉంది. మా అవ్వ పిచ్చమ్మ మాత్రం రాయిని వదల్లేదు.

అవ్వ కన్నా గట్టిగా పట్టుకున్నది మా అన్న.

మా అన్న మాలకొండయ్య. పోయిన కార్తీకంలో వాడి పడవ అలకు తిరగబడింది. తోడున్న ఇద్దరినీ వేరే పడవ ముందే ఎక్కించుకుంది. అన్న దూరం కొట్టుకుపోయి, ఐస్ పెట్టె పట్టుకొని పొద్దుగూకేదాకా నీళ్ళలో ఉన్నాడు. పడవ దొరికింది, ఇంజిను బాగయింది, అన్న మాత్రం మళ్ళీ సముద్రంలోకి పోలేదు. మొదట వల చిరిగిందన్నాడు. వల బాగయ్యాక ఇంజినులో ఏదో శబ్దం అన్నాడు. శబ్దం పోయాక ఏప్రిల్లో నిషేధం వచ్చింది. ఆ రోజు మా అన్న ప్రభుత్వానికి మనసులో కొబ్బరికాయ కొట్టి ఉంటాడు. ఇప్పుడు జూన్ పదిహేనున పడవలన్నీ దిగుతాయి. రాయికి నీళ్ళు పోస్తే పోతానన్నాడు. పొయ్యకపోతే పోనన్నాడు.

ఇంట్లో ఈ సంగతి ఎవరం మాట్లాడం. మాట్లాడకుండా ఉండటం నాకు పుట్టుకతో చేతకాదు కాబట్టి ఈ పుస్తకం కొన్నాను.

జూన్ 1, పొద్దున

ఫోను నిండా చార్జింగ్. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాను. అవ్వవి, అన్నవి, వదినవి, నావి ఆధార్ కార్డులు వరసగా పేర్చాను. నాలుగు ఫొటోల్లోనూ ఏదో దొంగతనంలో దొరికిన కుటుంబంలా ఉన్నాం. అవ్వ కింద వాకిలి తలుపులు రెండూ బార్లా తెరిచింది, టికెట్లు లోపలికి రావడానికి దారి ఉండాలని.

ఈ ఇంట్లో నా డిగ్రీకి మొదటిసారి పని తగిలింది.

జూన్ 1, సాయంత్రం

టికెట్లు అయిపోయినాయి.

జూన్ 2

నిన్న అలసట వల్ల వివరంగా రాయలేదు. పదింటికి తెరిచారు. పదిన్నరకల్లా బుకింగ్ పేజీలో నెలంతా ఎర్రగా అయిపోయింది. చెన్నై, బెంగుళూరు, ఎవరో పెళ్ళి ఫొటోల వాళ్ళు, రెండు ఇంజనీరింగు కాలేజీలు. దేశానికి హఠాత్తుగా చరిత్ర మీద ఆకలి పుట్టింది.

అన్నకు చెబుదామని ఒడ్డుకు పరుగెత్తుకుంటూ వెళ్ళాను. వాడు పడవ దగ్గర నిలబడి బకెట్‌తో నీళ్ళు తోడుతున్నాడు. అల వచ్చి మోకాళ్ళ దాకా తగిలింది. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. నేను ఆకాశం చూస్తున్నాను. ఆకాశం చాలా బాగుంది.

అయిపోయినాయని చెప్పాను. అన్నీనా అన్నాడు. అన్నీ అన్నాను. వాడు బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పోనీలేరా, నువ్వేం చేస్తావు అని నన్ను ఓదార్చాడు. ఓదార్చేవాడి మొహం ఎలా ఉండాలో అలా లేదు వాడి మొహం. పరీక్ష వాయిదా పడిన పిల్లవాడి మొహంలా ఉంది. మధ్యాహ్నం వంకాయ కూర మారు వేయించుకున్నాడు. చేపల వాళ్ళ ఇంట్లో నిషేధం పుణ్యమా అని నెలన్నరగా వంకాయ. దాన్ని మారు వేయించుకున్న మొదటి మనిషి మా అన్న.

అవ్వకు మాత్రం చెప్పడం కష్టమైంది.

‘‘మన గంగమ్మను చూసేదానికి మద్రాసోళ్ళకు దొరికింది, నాకు దొరకలేదా?’’

దొరకలేదన్నాను.

‘‘వాళ్ళకు పడవలుండాయా?’’

లేవన్నాను. కార్లున్నాయన్నాను. కార్లకు గంగమ్మతో ఏం పని అని అవ్వ చాలాసేపు ఆలోచించింది.

జూన్ 4

పాళెంలో ఇప్పుడు నేను టికెట్ల ఆఫీసరుని. దారిలో ఆపి అడుగుతున్నారు. సిమెంటు గుడికి మారిపోయిన వాళ్ళకు కూడా, దొరకదు అనేసరికి రాయి మీద భక్తి పొంగుకొచ్చింది. అందరికీ ఒకటే మాట చెబుతున్నాను. టికెట్లు అయిపోయినాయి. ఎన్నిసార్లు చెబితే అంత నిజంగా వినపడుతోంది.

జూన్ 5

ఫోను లాక్ నంబరు మార్చాను. కారణమేమీ లేదు. భద్రత.

జూన్ 7

మా వదిన పేరు ఉష. ఎనిమిదో తరగతి దగ్గర ఆగింది గానీ ఏ సంగతినీ మధ్యలో ఆపదు. తోపు దగ్గర బోండాలు అమ్మే ఆమెను అడిగి ఒక రహస్యం లాగింది. ఏంటంటే, రోజూ పొద్దున గేటు దగ్గర కౌంటర్లో కాసిని టికెట్లు ఇస్తారట, ముందొచ్చిన వాళ్ళకు. మనిషికి నాలుగు.

కాబట్టి తెల్లారకముందే నన్ను లేపి, సద్దికూడు పెట్టి, యుద్ధానికి పంపినట్టు పంపారు. అవ్వ పసుపు కలిపి సిద్ధంగా కూర్చుంది. అన్న గోడకు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడని రాస్తున్నాను.

వరసలో మూడోవాణ్ణి నేను. ఇది చరిత్ర. వెనక కావలి నుంచి వచ్చిన ఫ్లోరా టీచరు, ఆమె చుట్టూ పిల్లలు. ఒకడు అప్పటికే నా చొక్కాతో ముక్కు తుడుచుకున్నాడు. పిల్లలే దేశ భవిష్యత్తు. భవిష్యత్తుకు గతాన్ని చూసే అవకాశం ఇవ్వడం వర్తమానం బాధ్యత. ఈ ఆలోచన రాగానే నా కళ్ళు చెమర్చాయి. నా చోటు ఆమెకూ పిల్లలందరికీ ఇచ్చేసి వెనక్కి పోయాను. వద్దు బాబూ, నువ్వు ముందొచ్చావు గదా అంది. మేడమ్, చదువు ముఖ్యం అన్నాను. నేను చదివి ఏం పొడిచానో ఆమెకు తెలియదు కాబట్టి మురిసిపోయింది.

నా వంతు వచ్చేసరికి కిటికీ మూసేశారు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. త్యాగం భాగం తీసేసి చెప్పాను. అన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగి, అయ్యో అన్నాడు. అంత ఆరోగ్యంగా ‘అయ్యో’ అనడం నేనెక్కడా వినలేదు.

జూన్ 9

అన్న ఐస్ ఫ్యాక్టరీలో పని అడిగి వచ్చాడట. బోగోలు రోడ్డు మీద ఉందే, అది. నీడపట్టున పని, నెల జీతం, చొక్కా ఇస్తారు అని వదినకు చెబుతుంటే విన్నాను. సముద్రంలో ఐస్ పెట్టె కాపాడింది కాబట్టి మిగతా జీవితం ఐస్‌కు సేవ చేస్తాడేమో. ఈ జోకు ఇక్కడే రాస్తున్నాను, పైకి అనలేదు.

వదిన సాయంత్రం బట్టలు మడతపెడుతూ నన్ను పిలిచింది.

‘‘మీయన్న నిద్రలో ఈదతాడు, తెలుసా నీకు? ఆరేడు నెలలుగా. చేతులు ఇట్టా ఇట్టా కొట్టుకుంటాడు. లేపితే మంచానికి దోమలంటాడు.’’

నేనేదో అనబోయాను. దోమల మీద మంచి జోకు ఒకటి నాలుక చివర ఉంది.

‘‘నువ్వు నవ్వించొద్దు,’’ అంది. ‘‘పోకుండా ఉంటే బతికుంటాడని నాకూ ఉండింది పెంచల్. ఇది బతకడం గాదు. రోజూ నా పక్కనే మునగతా ఉండాడు, చెయ్యిద్దామంటే అందడు. ఎట్టన్నా ఆ టికెట్టు తీసుకురా.’’

సరే వదినా అన్నాను.

జూన్ 10

ఏమీ రాయడానికి లేదు. వంకాయ.

జూన్ 11

ఈ రోజు అవ్వ దండయాత్ర.

టికెట్టు లేదు గిక్కెట్టు లేదు, పద అంది. ఒక చంకన పసుపునీళ్ళ బిందె, ఒక భుజాన పడవ తాడు. వదిన వెనకాల. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అన్నిటికన్నా వెనకాల. అన్న రాలేదు, వల చూసుకోవాలన్నాడు. వల మీద ఇప్పుడు ఈగ వాలే సందు కూడా లేదు, అన్ని కుట్లు వేశాడు.

గేటు దగ్గర కాపలా మా ముత్యాలయ్య మామే. మా పాళెం మనిషి. నిరుడు ఇదే బిందెను దిబ్బ మీదికి మోసింది ఆయనే. ఇప్పుడు నీలం చొక్కా, జేబు మీద బిళ్ళ, చేతిలో టికెట్లు చదివే యంత్రం. సొంత అత్తను చూసి కూడా ఆ యంత్రాన్ని ముందుకు చాపాడు.

‘‘టికెట్ చూపించండి,’’ అన్నాడు మామ, మామ కాని గొంతుతో.

‘‘ఒరే ముత్యాలూ, నీకు బొడ్డు కోసింది నేను,’’ అంది అవ్వ.

‘‘అది ఇందులో రాదత్తా. ఇది టికెట్టు మీద గీతల బిళ్ళ ఉంటేనే కూస్తాది.’’

అవ్వ ఆధార్ కార్డు తీసి యంత్రం మీద పెట్టింది. కూయలేదు. రేషన్ కార్డు పెట్టింది. కూయలేదు. చివరికి తన అరచెయ్యి పెట్టింది, గీతలు ఇందులోనూ ఉండాయి గదా అని. వెనక వరసలో బెంగుళూరు వాళ్ళు ఫోన్లు తీసి వీడియో తీశారు. ముత్యాలయ్య మామ చెమటలు కక్కుతూ కెమెరా వైపు నిటారుగా నిలబడ్డాడు.

కంచె దగ్గర్నించి రాయి కనపడుతోంది. చుట్టూ లోతుగా తవ్వేశారు, అందుకని పొడుగు పెరిగినట్టుంది. పక్కన బోర్డు. దాని మీద ఏం రాసినారు అని అవ్వ మామను అడిగింది. మామ నేల చూపులు చూశాడు. నసిగాడు.

‘‘గంగమ్మ అని లేదత్తా. ఓడలు కట్టేసే రాయి అని రాసినారు. మెడ కాడ తాళ్ళు ఒరుసుకున్న గాడి ఉందంట. రెండు వేల ఏండ్లుగా తాళ్ళు కట్టింది కనిపెట్టినారంట.’’

ఇక అవ్వ శాపాలు మొదలుపెడుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. వదిన బిందె అందుకుంది, విసరకుండా. అవ్వ నవ్వింది.

‘‘మరి నేను చెప్తా ఉండేదేంది? పడవను పోనీకుండా పట్టుకునేదే గదా గంగమ్మ. దీనికి ఇంతమంది తవ్వాల్నా?’’

అప్పుడు వరసలోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. తమ బృందంలో ఒకామె రాలేదట, టికెట్ మిగిలిందట, అమ్మను తీసుకెళ్ళండి అన్నాడు. ఉత్తినే. ముత్యాలయ్య మామ మొహం వెలిగింది. యంత్రం కూస్తే చాలు, లోపలికి పోయింది ఎవరో ఆయన చూడడు, కళ్ళు తుడుచుకుంటుంటాడు, అంత దుమ్ము ఉంది అక్కడ.

నేను అడ్డం పడ్డాను. అయ్యా, టికెట్ మీద పేరు వేరు, ఆధార్ వేరు, ఇది నిబంధనలకు విరుద్ధం, పైగా తాడు విప్పాల్సిన మా అన్న లేడు, ఒక్క టికెట్‌తో తంతు పూర్తి కాదు అని గడగడా చెప్పాను. చట్టం అంటే నాకు మొదట్నుంచీ గౌరవం. పెద్దాయన సిగ్గుపడి టికెట్ జేబులో పెట్టుకున్నాడు.

దారిలో వదిన అడిగింది. ‘‘లైసెన్సు లేకుండా కావలి దాకా బండి తోలేవాడివి. నీకెప్పట్నుంచి అబ్బయ్యా ఈ చట్టం?’’

డిగ్రీ అయినప్పట్నుంచి అన్నాను. వదిన నవ్వలేదు.

జూన్ 12

ఫోను మోగింది. మెసేజ్. పనికిరానిది. తీసేశాను.

జూన్ 13

ఎల్లుండి పడవలు దిగుతాయి. హార్బరంతా ఇంజిన్లు దగ్గుతున్నాయి. పెయింటు వాసన. మా ఇల్లు ఒక్కటే నిశ్శబ్దం. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళు పదహారున రమ్మన్నారట. చొక్కా కొలత కూడా తీసుకున్నారట.

నేను సంతోషంగా ఉన్నాను.

జూన్ 14, పొద్దున

పదయింది. సరుగుడు తోపులో కూర్చున్నాను. పది గంటల గుంపును ముత్యాలయ్య మామ లోపలికి పంపుతున్నాడు. నలుగురు తక్కువ వచ్చారని ఎవరితోనో అంటున్నాడు. ఎవరో పాపం. బద్ధకస్తులు.

జూన్ 14, సాయంత్రం

తల మూడుసార్లు రుద్దుకున్నా పోలేదు. వేళ్ళు, చెవులు, మెడ, ఈ పేజీ మీద కుడి అంచు, అన్నీ పసుపు. పరిశోధకులారా, ఇది మామిడికాయ పప్పు కాదు.

నాలుగింటికి అవ్వ అందరినీ ఒడ్డుకు రమ్మంది. బిందె తెచ్చింది, తాడు తెచ్చింది. టికెట్ లేదు గదవ్వా, ఇంక వదిలెయ్ అన్నాడు అన్న. వాడి గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, టికెట్ దొరకనందుకు అవ్వ కాళ్ళకు మొక్కేలా ఉన్నాడు. అవ్వ పట్టించుకోలేదు. ఇసుకలో చుట్టూ చూసింది, బజారులో రాయి బేరం చేసే మనిషిలా. చివరికి నా మీద ఆగింది.

‘‘పెంచలా, ఇట్ట రా. ఈడ నిలబడు.’’

నిలబడ్డాను.

‘‘కదలబాక.’’

కదల్లేదు. బిందె మొత్తం నా నెత్తిన కుమ్మరించింది. మొత్తం అంటే అడుగున ఒక చెంబెడు మిగిల్చింది. కళ్ళు, ముక్కు, నోరు, నా పట్టభద్రత, అన్నీ పసుపు. పాళెం అంతా పోగయింది. నేను ఉమ్ముతూ ఇదేం న్యాయం అన్నాను.

‘‘రాయి పనేంది? పడవను పోనీకుండా పట్టుకొని ఉండటం. నువ్వు చేస్తా ఉండేదేంది? మూడేండ్లుగా ఇల్లు కదలవు, పని చెయ్యవు, ఉండిన కాడనే ఉండావు. నీకన్నా మంచి రాయి ఈ పాళెంలో యాడ దొరకతాది నాకు?’’

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదు. అవ్వ నవ్వలేదు. తాడు తీసి నా నడుముకు చుట్టు తిప్పి బిగించింది. చెవి దగ్గరికి వంగినప్పుడు చాలా మెల్లగా, నాకొక్కడికే వినపడేలా, ‘‘ఇంక చాల్లే, వదులు’’ అంది. తాడును గురించే అయి ఉంటుంది.

తర్వాత అన్న వైపు తిరిగి, విప్పుకోరా మాలకొండా అంది.

అన్న తాడు వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. అందరూ చూస్తున్నారు. వదిన చూడటం లేదు, ఇసుకలో వేలితో ఏదో గీస్తోంది. అన్న నా దగ్గరికి వచ్చాడు. ముడి పట్టుకున్నాడు. విప్పలేదు, పట్టుకొనే ఉన్నాడు. 

‘‘నాకు భయంగా ఉందిరా,’’ అన్నాడు.

నడి పాళెంలో, అంతమంది ముందు, పెద్దగా కాదు గానీ అన్నాడు. ఏడు నెలల్లో మొదటిసారి. వాడు అన్నాక ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఎవరో ముసలాయన, ఉండకుండా ఎట్టుంటాది అన్నాడు, అంతే.

‘‘నాక్కూడా అన్నా,’’ అన్నాను. నా గొంతులో జోకు ఏదీ దొరకలేదు.

అన్న నా చుట్టూ ఒక చుట్టు నడిచి తాడు విప్పుకున్నాడు.

జూన్ 15, పొద్దున

తెల్లారేలోపే దిగాయి పడవలన్నీ. అన్న పడవను నేను, వదిన, వాడితో వేటకు పోయే ఇద్దరు నెట్టాం. మొదటి అల దగ్గర అన్న ఆగాడు. నీళ్ళను చూశాడు. నేను పడవ అంచును గట్టిగా పట్టుకొని ఉన్నానట. ‘‘వదులు పెంచల్,’’ అంది వదిన. వదిలాను.

జూన్ 15, కాసేపటికి

కొత్త నేరం. గంగమ్మ రాయి మీద పసుపునీళ్ళు కనపడ్డాయట. రాత్రికి రాత్రి ఎవరో కంచె దూరారని తవ్వకాల ఆఫీసరు పాళెంలోకి వచ్చాడు. పాళెంలో ఆపాదమస్తకం పసుపుతో ఉన్న మనిషి ఒక్కడే. వాడు ఒడ్డున కూర్చొని సముద్రం చూస్తున్నాడు. ఎన్ని చెప్పినా ఆయన నమ్మలేదు. సార్, అది రాయి మీద పడింది, ఇది నా మీద పడింది, రెండూ వేరు వేరు కార్యక్రమాలు అన్నాను. ముత్యాలయ్య మామ పక్కనే అటెన్షన్‌లో నిలబడి, మంచి కుర్రాడే సార్, వయసు అట్టాంటిది అని నన్ను వెనకేసుకొచ్చాడు. నీలం చొక్కా జేబు కింద చెంబు అడుగంత పసుపు మరక. నేను ఆ మరకను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. ఇద్దరం సముద్రం వైపు తిరిగాం.

ఇంకోసారి జరిగితే కేసు పెడతానని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు.

జూన్ 15, ఇంకా

కొన్ని పడవలు వచ్చేశాయి. అన్న రాలేదు.

జూన్ 15, ఇంకా

రాలేదు. అవ్వ తమలపాకులు నములుతోంది. వదిన వంకాయలు తరగలేదు. తరగకపోవడం మంచిదా చెడ్డదా అడగాలని ఉంది.

గాలి లేదు. అలలు చిన్నవే. చిన్నవే.

జూన్ 15, సాయంత్రం

వచ్చాడు.

ఎర్రగా ఉడికిపోయి, ఉప్పు పట్టి, చేపల కంపు కొడుతూ వచ్చాడు. ఆలస్యం ఎందుకయిందిరా అని అవ్వ అడిగితే, బాగా పడతా ఉంటే ఇంకోసారి వల వేసినామన్నాడు. వదిన తిట్టింది. ఎంత తిట్టిందంటే, ఏడు నెలలుగా దాచిపెట్టినవన్నీ బయటికొచ్చాయి. అన్న తింటూ నవ్వుతూ విన్నాడు. వంజరం పులుసు. చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నాడు.

‘‘వచ్చే ఏడు టికెట్లు నువ్వు చెయ్యబాకలేరా. నేనే చేసుకుంటా.’’

 టవల్ నా మీద విసిరేసి పోయాడు.

జూన్ 16

ఐస్ ఫ్యాక్టరీ చొక్కా ఎవరికి సరిపోతుందో తెలియదు. నన్ను వెళ్ళి పని అడగమంది అవ్వ. రాయికి ఉద్యోగం వస్తే పడవలు ఎవరికి కట్టాలి అన్నాను. చెంబు విసిరింది.

మధ్యాహ్నం ఫోనుకు మెసేజ్ వచ్చింది. ‘ప్రాచీన రేవును సందర్శించినందుకు కృతజ్ఞతలు. సందర్శకులు: నలుగురు. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అయిదు ఇచ్చాను.

మట్టిలోంచి నన్ను తీసిన మహానుభావులారా, ఇంత దాకా చదివారు కాబట్టి లెక్క తేలుస్తున్నాను. కంచె నేను దూరలేదు. రాయి మీద పసుపు నేను పొయ్యలేదు. గంగమ్మ పేరు బోర్డు మీంచి నేను తీయలేదు. వరసలో చోటు ఇచ్చాను, ఎవరో ఇస్తామన్న టికెట్ వద్దన్నాను, అవి అసలు తప్పు వెనక తోకలు. చేసింది ఒక్కటే.

జూన్ ఒకటిన పదింటికి తెరవగానే నాలుగు టికెట్లు నాకు దొరికాయి. అవ్వ, అన్న, వదిన, నేను. పద్నాలుగో తేదీ, పది గంటల గుంపు. ఆ మాట చెప్పడానికే ఒడ్డుకు పరుగెత్తాను. మోకాళ్ళ లోతు నీళ్ళు తగిలితే మా అన్న వెనక్కి గెంతి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకున్నాడు. నేను నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.